తుంపర రంగు: దాని పుట్టుపూర్వోత్తరములు, మన పల్లెల రంగుగది

ఇనుప వస్తువునకు రంగు వేయుట అందము కొఱకే యని పెక్కుమంది తలంతురు. అది సగము నిజము. ఇనుమునకు గాలియు నీరును పగవారు. ఆ రెండును కలిసి సోకినచోట త్రుప్పు పుట్టును. త్రుప్పు పట్టిన ట్రాక్టరు తొట్టి తన కాలము నిండకమునుపే చిల్లులు పడును. త్రుప్పు పట్టిన మోటారు మూత వానాకాలమున రైతును వంచించును. గాలిని నీటిని ఇనుముదాక రానీయక నిలువరించు కవచమే రంగు.

ఆ కవచమును తొడుగు పద్ధతులలో ఒకదానిని గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. గాలి బలముతో రంగును మంచువలె చిమ్మి వస్తువునకు పట్టించుటను మన పనివారు ‘గన్ను కొట్టుట’ అందురు. మనము దీనిని తుంపర రంగు అందము. పెద్ద కర్మాగారములలో ఈ పనికై ప్రత్యేకముగా కట్టిన గదులుండును. చిన్న ఊళ్ళలో పనివాడు నాలుగు గుంజలు పాతి, టార్పాలిను చుట్టి, తన గదిని తానే కల్పించుకొనును. ఆ తుంపర ఎక్కడ పుట్టినది, ఆ గది ఏల కావలసివచ్చినది, దానివలన మనవారికి కలుగు మేలెంత, కీడెంత యను సంగతులను వరుసగా విన్నవించెదను.

రంగును చిమ్ముట నిన్న మొన్నటి విద్య కాదు. ఇండొనీషియా దేశమునందలి సులవేసి ద్వీపములో కొన్ని గుహలు కలవు. వాని గోడలపై పూర్వమానవులు అఱచేతిని ఆనించి, చుట్టును ఎఱ్ఱమట్టి రంగును చిమ్మి, చేయి తీసివేయగా మిగిలిన అచ్చులు నేటికిని కానవచ్చుచున్నవి. వానిలో ఒకటి కనీసము 39,900 ఏండ్ల నాటిదని 2014వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రంగునీటిని నోటినుండి గాని, బోలుగొట్టముతో గాని ఊది యుందురని పండితుల తలంపు. గాలియంత్రము లేని ఆ కాలమున మానవుని ఊపిరితిత్తులే గాలియంత్రములైనవి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మన ప్రసంగము చివరకు మరల ఊపిరితిత్తుల యొద్దకే రావలసియున్నది.

అటుపిమ్మట వేలకొలది ఏండ్లు రంగునకు కుంచెయే ప్రధానసాధనముగా నుండెను. మన సీమలో ఆ విద్య ఎంత యెత్తునకు పోయెనో తెలియవలెనన్న లేపాక్షికి పోవలెను. అచ్యుతదేవరాయలు విజయనగర సామ్రాజ్యమును 1529 మొదలు 1542 వఱకు ఏలెను. ఆ కాలమున పెనుకొండలో కోశాధికారిగా నుండిన విరూపణ్ణ లేపాక్షి వీరభద్రాలయ నిర్మాణమునకు ప్రసిద్ధుడు. ఆ మండపముల కప్పులపై సున్నపు పూతమీద జేగురు, పసుపుమట్టి, మసి, సున్నము మొదలగు రంగులతో పురాణకథలను చిత్రకారులు వ్రాసిరి. కొన్ని వెలసిపోయినను, కొన్ని చెడిపోయినను, నాలుగువందల యేండ్లు దాటిన పిదప కూడ పెక్కు చిత్రములు మనకు దర్శనమిచ్చుచున్నవి. అయితే అవి రాతి కప్పుమీద, నీడపట్టున నున్న రంగులు. ఎండకు కాగి, వానకు తడిసి, రాపిడికి లోనగు ఇనుమునకు అట్టి రంగు చాలదు.

ఇనుమునకు నూనె రంగు కావలెను. ఇచ్చట అనంతపురపు రైతు వినదగిన విశేషమొకటి కలదు. నూనెలన్నియు ఆరునవి కావు. అవిసెనూనెను పలుచగా పూసినచో, అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని కొన్ని దినములలో గట్టి పొరగా మాఱును. మన వేరుసెనగ నూనెను పూసినచో అది ఎన్నాళ్ళకును జిడ్డుగానే యుండును. కావుననే వేరుసెనగకు పేరుపొందిన జిల్లాయయ్యు, రంగు కలుపుటకు మాత్రము మన గానుగ నూనె పనికిరాదు. పూర్వము ఇనుమునకు తొలిపూతగా అవిసెనూనెలో సిందూరమును నూఱి పూసెడివారు. సిందూరమనగా సీసమును గాలిలో కాల్చగా వచ్చు ఎఱ్ఱని పొడి. వంతెనలకును, ఓడలకును చిరకాలము అదియే కవచము. అది త్రుప్పును చక్కగా అరికట్టెను. కాని దానిని నూఱినవాని యొంటికి, పూసినవాని యొంటికి సీసపు విషమును ఎక్కించెను.

ఇక తుంపర యంత్రము సంగతి. ఇది అమెరికా దేశమున వృద్ధిపొందినది. 1887వ సంవత్సర ప్రాంతమున షికాగో నగరములో మార్షల్ ఫీల్డు అను గొప్ప అంగడియందు మరామత్తు పనులను చూచుచుండిన జోసెఫ్ బింక్సు అనునతడు నేలమాళిగల గోడలకు సున్నము కొట్టింపవలసివచ్చెను. కుంచెలతో ఆ పని తెమలకుండుటచే, చేతిపంపుతో గాలిని కూరి సున్నపునీటిని చిమ్ము యంత్రమును కల్పించెను. 1893వ సంవత్సరమున ఆ నగరముననే గొప్ప ప్రపంచ ప్రదర్శనము జరిగెను. గడువు దగ్గఱపడగా, విశాలములైన ఆ భవనములకు తుంపర యంత్రములతోనే తెల్లరంగు కొట్టిరి. జనులు ఆ ప్రదర్శన స్థలమును శ్వేతనగరమని పిలిచిరి.

ఆ దినములలోనే ఒహాయో రాష్ట్రమునందలి టొలీడో నగరమున అలెన్ డివిల్‌బిస్ అను వైద్యుడొకడుండెను. రోగుల గొంతులోనికి మందును తుంపరగా చిమ్ము చిన్న సాధనమును అతడు కల్పించి, 1888లో ఒక సంస్థను స్థాపించి దానిని అమ్మసాగెను. అతని కుమారుడు టామస్ ఆ సూత్రమునే రంగుపనికి మలచి, 1907 ప్రాంతమున రంగు చిమ్ము గన్నును సిద్ధపఱచెను. గొంతునకు స్వస్థత కలిగించుటకై పుట్టిన సాధనము, అజాగ్రత్తతో వాడినవాని గొంతును చెఱుపుటకు కారణమగుట విధివిలాసము గాక మఱేమి?

గన్ను పనిచేయు తీరు తెలిసికొనుట కష్టము కాదు. దోమలమందు కొట్టు చేతిపంపును మీరెఱుగుదురు. దానియందు పిడిని త్రోయగా గాలి సన్నని రంధ్రమునుండి వడిగా పోవును. వడిగా పోవు ప్రవాహమున ఒత్తిడి తగ్గునని 1738వ సంవత్సరమున డేనియల్ బెర్నూలీ యను స్విట్జర్లాండు పండితుడు వివరించెను. ఆ తగ్గుదలవలన డబ్బాలోని ద్రవము పైకి లేచి, గాలితాకిడికి చెదరి, తుంపరయగును. రంగు గన్నులోను జరుగునది ఇదియే. పనివాడు గన్నును వస్తువునకు జేనకు కొంచెము తక్కువ దూరమున పట్టి, చేయి వంచక, గోడకు సమముగా నడపవలెను. ఒక్కొక్క వరుస మునుపటి వరుసను సగము కప్పవలెను. మిక్కిలి దగ్గఱ పట్టినచో రంగు కారును. మిక్కిలి దూరము పట్టినచో తుంపర దారిలోనే ఆరి, పైన పొడివలె గరుకుగా పడును. ఒక మందమైన పూతకంటె పలుచని పూతలు మూడు మేలు.

తుంపర పద్ధతికి రాజ్యమిచ్చినది మోటారు కారు. తొలినాటి కార్లకు గుఱ్ఱపు బండ్లకువలె కుంచెతో వార్నీషు పూసెడివారు. ఒక పూత ఆరి మఱియొక పూత వేయునప్పటికి దినములు గడచి, ఒక్కొక్క బండికి వారములు పట్టెడిది. 1923వ సంవత్సరమున డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో అను క్రొత్త రంగును ఓక్లాండు కార్లకు వాడిరి. అది దినములలో గాక గంటలలో ఆరెను. అంత త్వరగా ఆరు రంగును కుంచెతో దిద్దుటకు వీలు లేదు; కుంచె తిరిగి వచ్చులోపలనే మొదటి గీత బిగిసిపోవును. కావున గన్ను తప్పనిసరియైనది. 1949లో అమెరికాయందే ఎడ్వర్డ్ సీమోర్ అనునతడు చేతిడబ్బాలో గాలిని రంగును కలిపి బంధించి, గన్ను లేకయే తుంపర కొట్టు మార్గమును చూపెను. మన దేశమున 1902లో హౌరాయందు షాలిమారు రంగుల కర్మాగారమును, 1942లో బొంబాయియందు ఏషియన్ పెయింట్సు సంస్థయు వెలసినవి.

ఈ విద్య సంపూర్ణరూపమున మన సీమకు వచ్చుట ఇటీవలి సంగతి. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి వద్ద దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ ఏటికి 3 లక్షల కార్లు చేయదగిన కర్మాగారమును కట్టినది. 2019 ఆగస్టులో అక్కడినుండి అమ్మకమునకు మొదటి కారు వెలువడెను. అప్పుడా ప్రాంతము అనంతపురము జిల్లాలోనిది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. విరూపణ్ణ కోశమును కాచిన పెనుకొండ ప్రక్కనే, లేపాక్షికి ఎంతో దూరము కానిచోట, నేడు మరచేతులు తుంపర రంగు కొట్టుచున్నవి. ఇట్టి కర్మాగారముల రంగుగదులలోనికి వడగట్టిన గాలి పైకప్పునుండి దిగి, నేలలోని జల్లెడగుండ పోవును. వస్తువునకు తగులక మిగిలిన రంగును తఱచుగా నీటితెర పట్టుకొనును. గదిలోని గాలి ఒత్తిడి బయటికంటె కొంచెము హెచ్చుగా నుండునట్లు చూతురు గనుక, తలుపు తీసినను దుమ్ము లోపలికి రాదు.

ఇక కణేకల్లునకు వత్తము. 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి జిల్లానుండి విడివడి అనంతపురమున చేరిన రాయదుర్గము తాలూకాలోని ఊరిది. జిల్లాయందు ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. వేదవతి యనబడు హగరి నది ఈ సీమలో పాఱును. సంవత్సరములో అధికభాగము అందు నీటికంటె ఇసుకయే హెచ్చు. పడమటి గాలులు చెలరేగు మాసములలో ఆ ఇసుక లేచివచ్చి కణేకల్లు, బొమ్మనహాళు మండలముల పొలములపై దిబ్బలుగా పడుట మీరు కన్నులార చూచినదే. పైరును పూడ్చు ఆ ఇసుకయే రంగుపనివానికిని పగ. తడి రంగుపై పడిన ఒక్కొక్క రేణువును మొటిమవలె నిలుచును. దానిచుట్టు రంగుపొర బలహీనపడి, అచ్చటనే త్రుప్పునకు త్రోవ దొరకును. కావున చెట్టునీడన రంగు కొట్టు పద్ధతి ఇతర సీమలలో ఏమాత్రమో సాగినను, హగరి గాలి తగులు చోట సాగదు. ఇచ్చటి పనివానికి రంగుగది వేడుక కాదు, అవసరము.

రంగుగదికి పనులు మూడు. ఒకటి, దుమ్మును లోనికి రానీయకుండుట. రెండు, తుంపరను థిన్నరు ఆవిరిని వెలుపలికి పంపుట. మూడు, రంగు చక్కగా కానవచ్చునట్లు వెలుతురు నిచ్చుట. ఇంటి పనితనముతో కట్టిన గదిలో సయితము ఈ మూడును సాధ్యములే. ఇనుప గొట్టములతో గాని వెదుళ్ళతో గాని చట్రము నిలిపి, చుట్టును దళసరి ప్లాస్టికు పట్టాను బిగించవలెను. ఒక ప్రక్క గాలి వచ్చు కిటికీకి వడపోత పొరను కట్టవలెను. దాని కెదురు ప్రక్క, క్రిందిభాగమున, గాలిని లాగు ఫ్యాను అమర్చవలెను. పని మొదలిడుటకు ముందు నేలపై కళ్ళాపి చల్లినయెడల దుమ్మణగును. మన యిల్లాండ్రు తెల్లవాఱుజామున చేయు పనిలోని శాస్త్రమిదియే. వస్తువును ముందుగా ఉప్పుకాగితముతో రుద్ది, త్రుప్పును జిడ్డును పోగొట్టి, తొలిపూత వేసిన తరువాతనే రంగు కొట్టవలెను. త్రుప్పుపై కొట్టిన రంగు పుండుపై కట్టిన పట్టుబట్ట వంటిది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చితిమి. దుమ్మునకు వెఱచి పనివాడు గదిని నలువైపుల బిగించును. ఇసుక లోనికి రాదు, మంచిదే. కాని తుంపర వెలుపలికి పోదు. పాతరకపు గన్నుతో కొట్టిన రంగులో తఱచు సగమునకు తక్కువయే వస్తువున నిలుచును. మిగిలినది గాలిలో తేలును. ఆ గాలినే పనివాడు పీల్చును. దుమ్మునుండి రంగును కాపాడుటకు కట్టిన గది, రంగునుండి మనుష్యుని కాపాడకున్నచో, అది ఇనుముపై దయయు మనుష్యునిపై నిర్దయయు చూపినట్లగును. కళ్ళములో తూర్పారబట్టువాడు ఏమి చేయును? ముందు గాలి నెఱిగి, పొట్టు తన ముఖముమీదికి రాని వైపున నిలుచును. రంగు కొట్టువాడును అట్లే, వడపోత కిటికీ వైపు తానుండి, ఫ్యాను వైపు వస్తువు నుంచవలెను. తుంపర అతనిని దాటి రాక, అతనినుండి ముందుకు పోవలెను. ఇంతమాత్రపు తెలివి మన తాతలు చేటతో నేర్పినదే.

నిప్పు భయము కూడ కలదు. థిన్నరు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలబారుగా ప్రాకి గుంటలలో నిలుచును. ఒక బీడీ నిప్పు, ఒక స్విచ్చి మెఱుపు, సామాన్యపు ఫ్యాను మోటారులో పుట్టు రవ్వ చాలును, గది యంతయు భగ్గుమనుటకు. కావున మోటారును గాలిదారికి వెలుపల నుంచి పట్టాతో ఱెక్కలను త్రిప్పించుట గాని, రవ్వ బయటపడని మోటారును తెచ్చుట గాని చేయవలెను. స్విచ్చులు గది వెలుపలనే యుండవలెను.

రంగుపనివారి రోగములు క్రొత్తగా కనిపెట్టబడినవి కావు. 1700వ సంవత్సరమున ఇటలీ దేశమున బెర్నార్డినో రామజ్జినీ యను వైద్యుడు వృత్తులవారి రోగములపై గ్రంథము వ్రాసి, అందు చిత్రకారులను గూర్చియు చెప్పెను. వారు తాకు రంగులే వారిని రోగులను చేయుచున్నవని అతని మతము. రెండువందల యేండ్లు గడచినపిమ్మట, 1921లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్లసీసపు రంగును గూర్చి ఒడంబడిక చేసెను. ఆ రంగుతో జరుగు కర్మాగారపు పనులయందు 18 ఏండ్లు నిండని బాలురను, స్త్రీలను నియమింపరాదని అందు విధించిరి. మన దేశమున 2016లో చేసిన నియమముల ప్రకారము ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. యంత్రములకును వాహనములకును వాడు రంగులు ఆ నియమములోనికి రాలేదు. గన్ను పట్టువానికి కావలసిన రక్షణము ఇంకను పూర్తికాలేదని దీనివలన తెలియుచున్నది.

సీసముకంటె క్రొత్త శత్రువు మఱియొకటి వచ్చినది. నేడు వాహనములకు రెండు డబ్బాల రంగును వాడుచున్నారు. ఒక డబ్బాలో రంగు, రెండవదానిలో దానిని గట్టిపఱచు హార్డెనరు. పెక్కు హార్డెనరులలో ఐసోసయనేటు అను ద్రవ్యముండును. దాని తుంపరను పీల్చినవారిలో కొందఱికి ఉబ్బసము పట్టుకొనును. ఒకసారి ఆ దోషము ఒంట చేరినచో, తరువాత లేశమాత్రము సోకినను ఊపిరాడదు. అట్టివాడు ఆ వృత్తినే విడువవలసివచ్చును. వాసన తెలియుటకు ముందే అది హానిచేయగలదు. ముఖమునకు చుట్టుకొన్న తువ్వాలు దానిని ఆపలేదు. గుడ్డ మాస్కును ఆపలేదు. థిన్నరు ఆవిరికి బొగ్గు వడపోత గల మాస్కు కొంత ఉపకరించును. హార్డెనరు కలిపిన రంగునకైతే బయటినుండి మంచి గాలిని గొట్టముతో అందించు ముసుగే శ్రేష్ఠము. తక్కువ ఒత్తిడితో పనిచేయు క్రొత్తరకపు గన్నులలో నూటికి 65 పాళ్ళవఱకు రంగు వస్తువున నిలుచును. దానివలన రంగు ఖర్చును తగ్గును, పీల్చు విషమును తగ్గును.

చట్టము లేదా యని మీరడుగవచ్చును. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము యంత్రశక్తి వాడుచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివారున్న చోటులకు వర్తించునట్లు వ్రాయబడెను. ఇద్దఱు ముగ్గురు పనిచేయు టార్పాలిను షెడ్డు ఆ చట్టపు కన్నులకు ఆనలేదు. చట్టము చూడనిచోట ఊరి పెద్దలు చూడవలెను. కఱవుసీమలో పంట చేతికి రాని యేడు పిల్లవాడు పని వెదకుకొనుచు బెంగుళూరునకో బళ్ళారికో పోవుట మీకు తెలియనిది కాదు. ఊరిలోనే రంగుపని నేర్చి నాలుగు రూకలు సంపాదించుట గొప్ప మేలు. ఆ మేలు పదియేండ్లలో ఉబ్బసముగా మాఱినచో, ఆస్పత్రి ఖర్చునకు ఉన్న యెకరము అమ్ముకొనవలసివచ్చును.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ ఊరిలో రంగుగది పెట్టువాడు వచ్చినపుడు నాలుగు ప్రశ్నలడుగుడు. ఫ్యాను ఏ దిక్కునకు ఊదును? అటు ఇండ్లు, బడి ఉన్నవా? గన్ను పట్టువానికి ఎట్టి ముసుగున్నది? మిగిలిన థిన్నరును ఎక్కడ పోయుదురు? కణేకల్లు చెఱువులోనికి గాని, తుంగభద్ర ఎగువ కాలువలోనికి గాని, బావి ప్రక్క గుంటలోనికి గాని అది పోరాదు. మూత బిగించి దాచి, తగినచోటికి పంపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలుని చేతికి గన్ను ఇయ్యరాదు. పని నేర్పు మేస్త్రీ ముందు ముసుగు తొడుగుట నేర్పి, ఆపై గన్ను పట్టుట నేర్పవలెను.

గుహలోని మానవుడు తన ఊపిరితో రంగును ఊదెను. వేల యేండ్ల తరువాత మనము ఆ శ్రమను యంత్రమునకు అప్పగించితిమి. శ్రమ తప్పిన ఊపిరితిత్తులకు విషము తగిలింపకుండుట మన విధి. ఇసుకగాలి వీచు దేశమున గోడ కట్టుట ఎంత అవసరమో, ఆ గోడకు గాలి పోవు త్రోవ విడుచుటయు అంతే అవసరము. ఈ సంగతిని మీ ఊరి పనివారికి తెలియజెప్పి, మీ పెద్దఱికమును సార్థకము చేసికొందురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.